స్ట్రాంగ్ ఒక్కటి, తెలుగు మాటలు పది: బల విశేషణాలపై ఒక సమీక్ష

ఇంగ్లీషులో నాగార్జునసాగర్ ఆనకట్ట స్ట్రాంగ్. దాని గేట్ల మీదుగా దూకే వరద స్ట్రాంగ్. మాచర్ల బస్టాండులో కాచే టీ స్ట్రాంగ్. ఎండిన మిరప తొడిమ విరిచినప్పుడు ముక్కుకు తగిలే వాసన స్ట్రాంగ్. నీళ్లు వదలలేదని రైతులు ఇచ్చే అర్జీలోని భాష కూడా స్ట్రాంగే. తెలుగులో ఆనకట్ట గట్టిది, వరదకు ఉద్ధృతి, మిరపకు ఘాటు, అర్జీకి తీవ్రత. టీకి మాత్రం ఇంగ్లీషు మాటే మిగిలింది. ఇంగ్లీషులో ఒకే విశేషణం తిరిగే చోట తెలుగులో వస్తువుకొక మాట ఎందుకు వస్తుందన్నది నిఘంటుకారులను, వ్యాకర్తలను, అనువాదకులను, పాఠ్యపుస్తక రచయితలను చాలాకాలంగా చిక్కుపెడుతున్న ప్రశ్న.

ఈ చిక్కులో మూడు ముడులున్నాయి. స్ట్రాంగ్, పవర్‌ఫుల్, మైటీ, ఫోర్స్‌ఫుల్, రోబస్ట్, స్టర్డీ, పోటెంట్ వంటి ఇంగ్లీషు మాటల మధ్య తేడా ఏమిటి? వాటికి తెలుగులో సాటి మాటలు ఏవి? అసలు ఇంగ్లీషు అర్థంలో విశేషణం అనదగ్గ పదవర్గం తెలుగులో ఉందా? మూడింటినీ కలిపి వాదించడం వల్లే చర్చ ముదిరింది. విడదీస్తే కొంత తేలుతుంది, కొంత తేలదు.

ఇంగ్లీషు వైపు పొరలు

ఇంగ్లీషు బల విశేషణాలు ఒకేసారి పుట్టినవి కావు. స్ట్రాంగ్, మైటీ పాత ఇంగ్లీషు నుంచి ఉన్నవి. నార్మన్ల రాక తర్వాత ఫ్రెంచి దారిలో పవర్, ఫోర్స్ వచ్చాయి. వాటికి ఇంగ్లీషు ప్రత్యయం చేరి పవర్‌ఫుల్, ఫోర్స్‌ఫుల్ అయ్యాయి. పోటెంట్, రోబస్ట్ లాటిన్ నుంచి వచ్చినవి. స్టర్డీకి పాత ఫ్రెంచిలో దిమ్మెరపోయిన అని అర్థం. ఇంగ్లీషులో అది మొదట దుడుకైన అనీ, తర్వాత దిట్టమైన అనీ మారింది.

రోబస్ట్ కథ తెలుగు పాఠకుడికి కొత్త కాదు. లాటిన్‌లో రోబుర్ అంటే సింధూర వృక్షం, దాని గట్టి కలప. అదే మాటకు బలం అన్న అర్థమూ ఉంది. తెలుగులో చేవ అంటే చెట్టు మాను లోపలి గట్టి భాగం. చేవ గల మనిషి అంటే సత్తా ఉన్నవాడు. రెండు భాషలూ ఒకదాన్నొకటి చూడకుండానే చెట్టు నడిమి కలపలో మనిషి బలాన్ని చూశాయి.

ఈ మాటల తేడాలు చెప్పే పుస్తకాలు 18వ శతాబ్దంలో మొదలయ్యాయి. హెస్టర్ పియొజ్జి పర్యాయపదాల పుస్తకం 1794లో, జార్జ్ క్రాబ్‌ది 1816లో వచ్చాయి. 1852లో పీటర్ రోజే తన థెసారస్‌లో పవర్‌ను, స్ట్రెంగ్త్‌ను, వయొలెన్స్‌ను వేర్వేరు శీర్షికల కింద పెట్టాడు. చేయగలగడం, తట్టుకొనే సత్తువ, హద్దు మీరిన ఉద్ధృతి ఒకటి కావని ఆ వర్గీకరణ చెబుతుంది. సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది కూడా 1852లోనే. రోజే మాటలను భావాల వారీగా గుంపులు కట్టాడు, బ్రౌన్ అక్షరక్రమంలో పేర్చాడు. తర్వాతి తెలుగు కోశకారులు ఎక్కువగా బ్రౌన్ దారిలోనే నడిచారు. భావాన్ని బట్టి మాట వెతుక్కొనే అనువాదకుడికి ఆ లోటు ఇప్పటికీ తెలుస్తుంది.

తెలుగు వైపు పొరలు

తెలుగులోనూ మూడు పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. గట్టి, చేవ, ఘాటు, దిట్ట, బిగువు వంటివి ఇంటి మాటలు. బలం, శక్తి, దృఢత్వం, తీవ్రత, ఉద్ధృతి, సామర్థ్యం సంస్కృతం నుంచి వచ్చినవి. జోరు, దమ్ము, మజబూతు, జబర్దస్తు పారసీ, ఉర్దూల దారిలో వచ్చినవి.

పొర మారితే మర్యాద మారుతుంది. తాడు గట్టిది అనేది ఇంటి మాట, దృఢమైన తాడు పుస్తకపు మాట, మజబూతైన తాడు బజారు మాట. ఇంగ్లీషులో స్ట్రాంగ్‌కూ రోబస్ట్‌కూ మధ్య ఉన్న దూరం ఇలాంటిదే. సంస్కృతపు మాటలు తెలుగులోకి వచ్చాక తమ మెట్టు పోగొట్టుకోవడమూ ఉంది. బలిష్ఠ అనేది సంస్కృతంలో అందరికంటే బలవంతుడని చెప్పే రూపం; తెలుగులో బలిష్ఠుడంటే మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, అంతే. ఎవరితోనూ పోలిక లేదు.

తెలుగులో విశేషణం ఉందా?

1856లో రాబర్ట్ కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో ఈ భాషల విశేషణాలు నిజానికి గుణాన్ని చెప్పే నామాలేనని, మరో నామం ముందు నిలవడం వల్ల ఆ పని చేస్తాయని వాదించాడు. రెండేళ్ల తర్వాత వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణంలో పది పరిచ్ఛేదాలున్నాయి. విశేషణానికి విడిగా పరిచ్ఛేదం లేదు. సమాసాల్లో, క్రియల్లో అది సందర్భవశాన వస్తుంది.

1985లో భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ ఆధునిక తెలుగు వ్యాకరణంలో విశేషణాలను విడిగా గుర్తించి, సహజమైనవి కొన్నయితే ఇతర పదాల నుంచి కట్టుకొన్నవి చాలా అని చూపారు. బల విశేషణాలకు ఈ విభజన చక్కగా సరిపోతుంది. గట్టి తాడు అన్నప్పుడు గట్టికి ఏ ప్రత్యయమూ అక్కర్లేదు. బలం మాత్రం బలమైన, బలంగల అని మారితే తప్ప మరో నామం ముందు నిలవదు. అంటే బలమైన అనేది లోపల బలం అనే నామం, అయిన అనే క్రియారూపం కలిసిన జంట.

ప్రపంచ భాషలను పోల్చిన ఆర్.ఎం.డబ్ల్యు. డిక్సన్ 1977లో చూపింది దీనికి తోడు నిలుస్తుంది. విశేషణాలు కొద్దిగా ఉండే భాషల్లో పరిమాణం, వయసు, రంగు, మంచిచెడ్డలు చెప్పేవే ముందు విశేషణాలవుతాయి; బలం, బరువు వంటి గుణాలను చాలా భాషలు నామాలకో క్రియలకో అప్పగిస్తాయి. తెలుగులో పెద్ద, చిన్న, పాత, కొత్త, తెల్ల, నల్ల, మంచి, చెడ్డ దేని సాయమూ లేకుండా నిలుస్తాయి. బలం ఆ వరసలో లేదు. గట్టి ఒక్కటే ఆ గడప దాటింది.

తేడా చెప్పే నాలుగు వాదాలు

*మెట్ల వాదం.* స్ట్రాంగ్ కంటే పవర్‌ఫుల్ ఎక్కువ, దానికంటే మైటీ ఎక్కువ అని వరస కట్టేది. బడి పర్యాయపద పట్టికలు, పోటీ పరీక్షల పుస్తకాలు దీని మీదే నడుస్తాయి. గుర్తుంచుకోవడం తేలిక. వాడుక మాత్రం ఈ మెట్లను లెక్కచేయదు: మైటీ నేడు ఎక్కువగా స్తోత్రాల్లో, కథల్లో, వేళాకోళంలో వినిపిస్తుంది.

*సాహచర్య వాదం.* మాట అర్థం దాని పక్కన వచ్చే మాటలతో తేలుతుందని భాషావేత్త జె.ఆర్. ఫిర్త్ చెప్పాడు. ఎం.ఎ.కె. హాలిడే 1966లో స్ట్రాంగ్, పవర్‌ఫుల్ జంటనే ఉదాహరణగా తీసుకొన్నాడు. వాదన స్ట్రాంగ్ కావచ్చు, పవర్‌ఫుల్ కావచ్చు. టీ మాత్రం స్ట్రాంగే, కారు మాత్రం పవర్‌ఫులే. మెట్ల వాదం దీనికి జవాబు చెప్పలేదు. అయితే ఏ మాట పక్కన ఏది వస్తుందో చెప్పే సాహచర్య వాదం, ఎందుకు వస్తుందో చెప్పకుండా ఆగిపోతుంది.

*మూలార్థ వాదం.* స్ట్రాంగ్‌లో ఎన్ని అర్థాలున్నా నడిమి అర్థం ఒకటేనని, మిగిలినవి దాని కొమ్మలని అంటుంది. ఆనకట్టను, వరదను ఒక్క మాటతో చెప్పే ఇంగ్లీషుకు ఇది నచ్చుతుంది. తెలుగు దీనికి గట్టి ఎదురు సాక్ష్యం. ఒకే మూలార్థమైతే రెండు మాటలతో చెప్పాల్సిన పని ఏముంది?

*పారిభాషిక వాదం.* మాటకు శాస్త్రం ఇచ్చిన అర్థమే ప్రమాణమంటుంది. తెలుగు భౌతికశాస్త్ర పుస్తకాల్లో ఫోర్స్ బలం, ఎనర్జీ శక్తి, పవర్ సామర్థ్యం. ఈ లెక్కన శక్తివంతమైన ఇంజను అనడం పొరపాటు, సామర్థ్యం గల ఇంజను అనాలి. వాడుక ఆ దారిలో వెళ్లలేదు. అయినా శాస్త్రం పెట్టిన గీత కొన్ని చోట్ల ప్రాణావసరం. బలమైన ఆమ్లం వేరు, గాఢ ఆమ్లం వేరు: మొదటిది నీటిలో పూర్తిగా అయాన్లుగా విడిపోయేది, రెండోది నీళ్లు తక్కువ కలిపినది. ఎసిటిక్ ఆమ్లం రసాయనశాస్త్రంలో బలహీనమైనదే. గాఢంగా ఉంటే మాత్రం చర్మం కాలుతుంది. రెంటినీ స్ట్రాంగ్ అనేస్తే ప్రయోగశాలలో ప్రమాదం.

పల్నాటి వాడుకలో పరీక్ష

ఈ వాదాల్లో ఏది ఎంతవరకు నిలుస్తుందో చూడడానికి రోజూ బలంతో పని ఉన్న చోటు కావాలి. నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో సున్నపురాయి, నాపరాయి, పత్తి, మిరప, ఎడ్లపందేలు అన్నీ ఉన్నాయి.

నాపరాయి గట్టిది. తాడూ గట్టిదే. కానీ రెండు గట్టిదనాలూ ఒకటి కావు. నాపరాయి గోటి గీతకు లొంగదు, సుత్తిదెబ్బకు పగులుతుంది. తాడు వేలికి మెత్తగా తగులుతుంది, లాగితే తెగదు. ఇంగ్లీషు మొదటిదాన్ని హార్డ్ అని, రెండోదాన్ని స్ట్రాంగ్ అని విడదీస్తుంది. తెలుగు రెంటినీ గట్టి అంటుంది. తెలుగే ఎప్పుడూ ఎక్కువ విడదీస్తుందన్న మాట ఇక్కడ చెల్లదు. పైగా గట్టిగా మాట్లాడు అంటే గొంతు పెంచమని, గట్టి వాన అంటే జోరు వాన, గట్టి పోటీ అంటే తేలిగ్గా లొంగనిది. స్ట్రాంగ్ ఇంగ్లీషులో ఎంత దూరం తిరుగుతుందో గట్టి తెలుగులో ఇంచుమించు అంతే తిరుగుతుంది. తిరిగే ఊళ్లే వేరు.

మిరప దగ్గర తెలుగుదే పైచేయి. కారం నాలుకకు, ఘాటు ముక్కుకూ గొంతుకూ. తేజ అనే మిరప రకం దాని ఘాటుకే పేరుపడింది. ఇంగ్లీషులో వేడిని చెప్పే హాట్ అన్న మాటనే కారానికీ ఎక్కువగా వాడతారు. విల్బర్ స్కోవిల్ 1912లో కారాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టినా, ఆ అంకె కారానిదా ఘాటుదా అన్న తేడా ఇంగ్లీషు మాటలో పలకదు.

టీ కొట్టు దగ్గర చిక్కు మరో రకం. నిఘంటువు చూసి స్ట్రాంగ్ టీని చిక్కటి టీ అనేవారున్నారు. కొట్టులో చిక్కదనం పాలది, స్ట్రాంగ్ డికాక్షన్‌ది. పాలు తక్కువ, డికాక్షన్ ఎక్కువ వేస్తే ఆ టీ స్ట్రాంగే కాని చిక్కనిది కాదు. పాత మాట చెప్పలేని తేడా చెప్పడానికే ఇంగ్లీషు మాట నిలిచింది. ఎన్నికలప్పుడు ఓటింగ్ యంత్రాలు భద్రపరిచే స్ట్రాంగ్ రూమ్ కూడా అలాగే తెలుగైంది.

తిరునాళ్లలో జరిగే ఎడ్ల బండలాగుడు పోటీ శాస్త్రపు మాటలకు మంచి పరీక్ష. ఒంగోలు జాతి ఎడ్లను పళ్ల లెక్కన విభాగాలు చేస్తారు: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన. ఒక విభాగంలో బండ ఒకటే, ఇచ్చే సమయం ఒకటే. ఎక్కువ దూరం లాగిన జత గెలుస్తుంది. బండను కదిలించడానికి కావలసింది బలం. కదిలాక అది నడిచిన దూరాన్ని బట్టి పని. అంత పని ఎంత సమయంలో చేసిందన్నది సామర్థ్యం. భౌతికశాస్త్రం లెక్కలో బహుమతి సామర్థ్యానికి వెళుతుంది, అంటే గెలిచిన జత పవర్‌ఫుల్. చుట్టూ నిలబడినవాళ్లు మాత్రం గట్టి జత అంటారు, మంచి ఊపు మీద ఉంటే జోరు మీదుందంటారు. గట్టి ఎడ్ల ఒంటిని చెబుతుంది, జోరు ఆ పూట నడకను చెబుతుంది. శాస్త్రం పేర్లు వేరైనా, తేడాను బరి పక్కన జనం కూడా పట్టుకొన్నారు.

పోలిక

పై ఉదాహరణలను గుంపు కడితే, ఇంగ్లీషు స్ట్రాంగ్ కింద నాలుగు రకాల బలం కనిపిస్తుంది.

- నిలిచే బలం: ఆనకట్ట, తాడు, గోడ, నమ్మకం. తెలుగులో గట్టి, దృఢమైన, దిట్టమైన. ఇంగ్లీషులో స్టర్డీ, రోబస్ట్ దీని చుట్టాలు.
- నెట్టే బలం: వరద, గాలి, ఎడ్లు, ఇంజను. తెలుగులో బలమైన, ఉద్ధృతమైన, జోరైన. ఇంగ్లీషులో పవర్‌ఫుల్, ఫోర్స్‌ఫుల్.
- తగిలే బలం: వాసన, కారం, రంగు, ఎండ, మాట. తెలుగులో ఘాటైన, ముదురు, తీక్షణమైన, తీవ్రమైన. ఇంగ్లీషులో ఇంటెన్స్, పంజెంట్.
- చెల్లే బలం: నాయకుడు, సాక్ష్యం, మందు. తెలుగులో పలుకుబడి గల, తిరుగులేని, బాగా పనిచేసే. ఇంగ్లీషులో పోటెంట్, ఇన్‌ఫ్లుయెన్షియల్.

మొదటి రెంటి మధ్య గీతను తెలుగు చాలావరకు కాపాడుతుంది. మూడోదాన్ని ఇంకా పదునుగా విడదీస్తుంది. నాలుగోదానికి ఒక్క మాట లేదు. పలుకుబడి ఉందనో, మాట చెల్లుతుందనో వాక్యం కట్టుకోవాలి.

బలం నుంచి బలవంతానికి

అనువాదంలో ఎక్కువ తప్పులు జరిగేది ఫోర్స్‌ఫుల్ దగ్గర. ఒకే మూలం నుంచి ఇంగ్లీషులో మూడు మాటలు విడిపోయాయి: ఫోర్స్‌ఫుల్ మెప్పు, ఫోర్సిబుల్ కొన్నిచోట్ల మెప్పు కొన్నిచోట్ల తప్పు, ఫోర్స్‌డ్ తప్పే. తెలుగులోనూ బలమైన వాదన మెచ్చుకోలు, బలవంతుడు మెచ్చుకోలు; బలవంతపు సేకరణ మాత్రం దౌర్జన్యం. ఫోర్స్‌ఫుల్ ప్రసంగాన్ని బలవంతపు ప్రసంగమని రాస్తే, వక్త చేత ఎవరో బెదిరించి మాట్లాడించారని అర్థం వస్తుంది. పదునైన ప్రసంగం అనడమే సరి. పారసీ దారిలో వచ్చిన మాటకూ ఇదే గతి పట్టింది: జబర్దస్తు అంటే భేషైనది, జబర్దస్తీ అంటే బెదిరించి లాక్కోవడం. బలానికీ బలాత్కారానికీ మధ్య గోడ ఈ రెండు భాషల్లోనూ మందంగా లేదు.

విశేషణం చోట నామం

ఇంగ్లీషు విశేషణంతో చెప్పేదాన్ని తెలుగు తరచు నామంతో చెబుతుంది. 12వ శతాబ్దపు పలనాటి యుద్ధం మీద పెరిగిన కథలు ఇందుకు సాక్ష్యం. కథ పేరే పల్నాటి వీరుల కథ. అక్కడ వీరులు నామం. సినిమాల పేర్లలో పల్నాటి పులి, పల్నాటి సింహం, పల్నాటి పౌరుషం కనిపిస్తాయి. వీటిలో బలాన్ని విశేషణం మోయడం లేదు, జంతువో గుణమో మోస్తోంది. దీన్ని పాడే వీరవిద్యావంతుల నోట నడిచే ఈ కథను పరిశోధకుడు జీన్ రాగైర్, గాయకుడు అలిసెట్టి గాలెయ్య గానం ఆధారంగా ఇంగ్లీషు చేసి 1982లో ప్రచురించాడు. ఇలాంటి అనువాదంలో తెలుగు నామానికి బదులు ఇంగ్లీషు విశేషణం వేయాలా, నామాన్ని నామంగానే ఉంచాలా అన్నది తెగని పని. పులిలాంటివాడు అనడం వేరు, ఫియర్స్ అనడం వేరు; మొదటిదానిలో బొమ్మ ఉంది, రెండోదానిలో గుణం ఒక్కటే మిగులుతుంది.

ఇక్కడే లింగం ప్రశ్నా వస్తుంది. సంస్కృత వీర, లాటిన్ విర్ ఒకే వేరు నుంచి వచ్చినవి. లాటిన్ మాటకు పురుషుడని అర్థం, ఇంగ్లీషు విరైల్, వర్చ్యూ దాని సంతానమే. పౌరుషంలో పురుషుడు బయటికే కనిపిస్తాడు. పలనాటి యుద్ధంలో గురజాల వైపు రాజ్యతంత్రం నడిపిన నాగమ్మకు జనం పెట్టుకొన్న మాట నాయకురాలు. ఆమె బలాన్ని గుణంతో కాక పదవితో చెప్పడం యాదృచ్ఛికమా, భాషలో మాట లేక వచ్చిన దారా అన్నది ఆలోచించవలసిందే.

తేలనివి

ఇంగ్లీషు ప్రభావంతో ‘బలమైన’ అన్న మాట వాడుక పెరగడం మంచిదా అన్నది మొదటి సందేహం. బలమైన కారణం, బలమైన సందేశం, బలమైన ఆర్థిక వ్యవస్థ పత్రికల్లో రోజూ కనిపిస్తాయి. ఒక పక్షం వీటిని ఇంగ్లీషు నీడలంటుంది; గట్టి కారణం, సూటి సందేశం ఉండగా కొత్తవి ఎందుకని అడుగుతుంది. రెండో పక్షం, భాష ఇలాగే పెరుగుతుందని, బలమైన ఈదురుగాలులు అన్న వాతావరణ హెచ్చరిక ఇప్పుడు పల్లెకూ అర్థమవుతోందని చెబుతుంది. రెండు పక్షాలకూ ఉదాహరణలున్నాయి. లెక్కగట్టి చూపగల పెద్ద వాడుక సంచయం చేతిలో ఉంటే తప్ప ఇది తేలదు.

నాలుగు రకాల బలం నిజంగా నాలుగు అర్థాలా, ఒకే అర్థానికి నాలుగు చోట్లా అన్నది రెండోది. ఇంగ్లీషు వైపు నిలబడితే ఒకటిలా, తెలుగు వైపు నిలబడితే నాలుగులా కనిపిస్తుంది. మూడోది బడి సంగతి. 2020 తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లోకి వచ్చిన ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. ఎదురెదురుగా రెండు మాటలు కనిపిస్తే పిల్లలు వాటిని సమానం అనుకొంటారు. స్ట్రాంగ్ ఎదురుగా ఎప్పుడూ బలమైన అనే ఉంటే, ఘాటు, ముదురు, గట్టి ఆ పేజీలోకి రానే రావు.

తేలిన మాట ఒకటుంది. బల విశేషణాన్ని ఎంచేది నిఘంటువు కాదు, దాని పక్కన నిలిచే వస్తువు. ఆ వస్తువు తట్టుకొంటోందా, నెడుతోందా, తగులుతోందా, చెల్లుబాటు అవుతోందా అని ముందు చూసుకొంటే తెలుగు మాట దానంతట అదే దొరుకుతుంది. స్ట్రాంగ్‌కు ఒకే అర్థం నేర్పే పాఠం కంటే, ఈ నాలుగు ప్రశ్నలూ నేర్పే పాఠమే గట్టిది.